హాల్లో గోడెక్కిన విక్రాంత్ బొమ్మకు

అయ్యా తైలవర్ణ చిత్రమా,

నువ్వు మా ఇంటికొచ్చి నెల దాటింది. ఇంకా ఆరలేదు. అవిసె నూనె రంగు గాలి పీల్చుకుంటూ నింపాదిగా గట్టిపడుతుందట. ఆ ముక్క ఆర్టిస్టుగారు అడ్వాన్సు తీసుకునేటప్పుడు చెప్పలేదు. పోనీలే, అసలు ఓడ, అదే మన పాత విమానవాహక నౌక, కట్టడం 1943లో మొదలైతే మన నేవీలో చేరింది 1961లో. నీకు పట్టింది ఎనిమిది నెలలే. తొందరపెట్టడం నాదే తప్పు.

నేను చెప్పింది ఒకటే: 1971 యుద్ధం, బంగాళాఖాతం, డెక్ మీంచి లేస్తున్న సీ హాక్ యుద్ధవిమానం. నువ్వేమో ముక్కు పైకెత్తుకుని, ఏకంగా ర్యాంపుతో దిగావు! అప్పట్లో విమానాన్ని ముందుకు విసిరింది ఆవిరి కాటపుల్ట్. ర్యాంపు సీ హారియర్ జెట్ల కోసం 1980ల్లో పెట్టింది. ఆ యుద్ధంలో అదే ఓడ బాయిలర్ రూంలో చెమటోడ్చిన మా నాన్న నిన్ను చూసి మొదట అన్న మాట, "ఈ జారుడుబల్ల ఎవడు పెట్టాడ్రా?"

రెండోది, "పొగ ఇంత తెల్లగానా? బాయిలర్ పగుళ్లతో నెట్టుకొచ్చాం మేము."

నీ వైపూ ఆలోచించాను. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మీ ఓడను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చి అక్కడే మునిగింది. ఓడేమో ఎక్కడో అండమాన్ వైపు ఉంది. లేనిది ఉన్నట్టు నమ్మించడం మీ వంశంలోనే ఉందన్నమాట. కానీ శత్రువును నమ్మించడం వేరు, మా నాన్నను నమ్మించడం వేరు.

అసలు ఓడ 2014లో తుక్కు కింద పోయింది. ఆ ఇనుములో కొంత బైకు ట్యాంకుల్లో కలిసింది. చూసుకోడానికి మాకు మిగిలింది నువ్వు, నీలోనూ తప్పే!

ఆర్టిస్టుగారు మళ్లీ వచ్చి, కత్తితో ర్యాంపు గీకేసి, అక్కడ ఆకాశం పూసి, విడిగా డబ్బులు పుచ్చుకుని వెళ్లారు. ఆ రాత్రే పచ్చి రంగు మీద, సరిగ్గా డెక్ చివర, ఒక దోమ వాలి అంటుకుపోయింది. లాగితే డెక్ ఊడొస్తుందని వదిలేశాను.

పొద్దున్నే నాన్న కుర్చీ జరుపుకుని, "ఇదేం విమానంరా?" అన్నారు.

"అలీజే, నాన్నా. మీ ఓడ మీద ఉండేదే, ప్రొపెల్లర్ విమానం."

కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"మరి పార్కింగ్‌లో రెక్కలు మడవలేదేం?"

ఇట్లు,
నీ ఖర్చు భరించినవాడు