ఐటీఐ కుర్రాళ్లని తిట్టే ముందు మీ సాకెట్ విప్పి చూడండి

ఇవాళ పొద్దున మన విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ. ఎవరింట్లోనో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే షాక్ కొట్టింది. వెంటనే ఒక పెద్దాయన తేల్చేశారు: "ఐటీఐ కుర్రాళ్లకి పనిస్తే ఇంతేనండి." ఆ వైరింగ్ చేసిన మనిషి ఐటీఐ గడప తొక్కినవాడే కాదు. ఎవరు తక్కువకి ఒప్పుకుంటే వాళ్లకి పని అప్పజెప్పారు. ఇప్పుడు తిట్లేమో చదువుకున్న పిల్లలకా?

సాకెట్ విప్పితే అసలు సంగతి తెలిసింది. ఎర్త్ వైరే లాగలేదు. న్యూట్రల్ నుంచి, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు నుంచి, ఎర్త్ పిన్‌కి రెండంగుళాల ముక్క కలిపి మూసేశారు. న్యూట్రల్ బిగుతుగా ఉన్నన్నాళ్లూ ఏమీ తెలియదు. ఎక్కడో స్క్రూ వదులైన రోజున ఫేజ్ కరెంటు మోటారు గుండా వచ్చి, ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీకి ఎక్కుతుంది. మెయిన్ బోర్డులో తనంతట తానే పడే స్విచ్, ఎంసీబీ, పడదు. అది ఓవర్‌లోడుకి, షార్ట్ సర్క్యూట్‌కి పెట్టేది. మనిషిని కాపాడాలంటే కరెంటు లీకైతే చాలు సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మాటిమాటికీ పడిపోతోందని దాన్నీ పీకించేసేవాళ్లు ఎంతమంది!

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ (కోర్సు) రెండేళ్లు. ఎర్తింగ్ అందులో చేత్తో నేర్చుకోవాల్సిన పని. రెండున్నర మీటర్ల జీఐ (జింక్ పూత ఇనుము) పైపు భూమిలోకి దించాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపాలి, ఎర్త్ టెస్టర్ పెట్టి కొలవాలి. ఇంటికైతే రీడింగ్ 5 ఓమ్‌ల లోపు రావాలి. మన నల్లరేగడి ఎండాకాలంలో బీటలిచ్చి పైపుని వదిలేస్తుంది, రీడింగ్ పెరిగిపోతుంది. అందుకే పైన గరాటు పెట్టి నీళ్లు పోస్తూ ఉండాలి. ఇది బోర్డు మీద బొమ్మ చూస్తే వచ్చే విద్యా? బ్యాచ్‌కి 20 మంది. ఉన్న ఒక్క టెస్టరూ పాడై బీరువాలో ఉంటే ఆ పిల్లలు దేంతో కొలవాలి?

వెల్డర్ ట్రేడూ అంతే. 3.15 ఎంఎం వెల్డింగ్ రాడ్డుకి వంద, నూట ఇరవై ఆంపియర్లు పెడతారు. తగ్గితే రాడ్డు ప్లేటుకి అతుక్కుంటుంది, ఎక్కువైతే అంచు కోసుకుపోతుంది. రాడ్డు తేమ పీల్చుకుంటే అతుకు నిండా చిల్లులే. చెయ్యి కుదరాలంటే కట్టలకి కట్టలు రాడ్లు కాల్చాలి. ఐటీఐ గోడలకి రంగులు వేయడానికి, ఫ్లెక్సీలకి డబ్బులుంటాయి. రాడ్లకి మాత్రం ఉండవు!

తల్లిదండ్రుల మీదా నాకు మంటే. టెన్త్‌లో మార్కులొస్తే ఎంపీసీ, హాస్టలు, లక్షల్లో ఫీజు. రాకపోతేనే ఐటీఐ గుర్తొస్తుంది. రైల్వే అప్రెంటిస్ మెరిట్ లిస్టు ఎలా వేస్తారో ఎప్పుడైనా చూశారా? టెన్త్ మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీస్తారు. రైలింజన్లు బాగుచేసే మన ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లోకి అప్రెంటిస్‌గా వెళ్లాలంటే ఆ లిస్టులో పేరుండాలి. ఫిట్టర్ అవుతానని బాగా చదివే పిల్లాడే నోరు తెరిచి అడిగితే, పరువు పోతుందని వాడి నోరు మూయించేది మీరే కదండీ.