ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకమని చెప్పేవాళ్ళకు

"మెకానిక్ అక్కర్లేదు, కారు కరెంటు సమస్యలకు 5 చిట్కాలు" అన్న మెసేజ్ మా చెన్నై తెలుగువాళ్ళ గ్రూపులో మళ్ళీ తిరుగుతోంది. చదువుకున్నవాళ్ళే పంపుతున్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి చిట్కా, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ మార్చాలట. బండి నడుస్తుండగా అది వెలిగిందంటే చార్జింగ్ అందట్లేదని. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. దాన్ని తిప్పే బెల్టు తెగిందో, దాని బ్రష్షులు అరిగాయో, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందో చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ దారిలోనే చేతులెత్తేస్తుంది.

రెండోది, ఏసీ, హెడ్‌లైట్లు కలిపి వేస్తే ఆల్టర్నేటర్ కాలిపోతుందన్నది ఉత్త మాట.

నా కోపమంతా మూడోదాని మీద. "ఇంజిన్ ఆన్‌లో ఉంచి నెగటివ్ టెర్మినల్ పీకండి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే." అయ్యా, ఆల్టర్నేటర్ పొంగును మింగి సర్దేది ఆ బ్యాటరీయే. చార్జింగ్ జోరుగా ఉన్నప్పుడు దాన్ని తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అడ్డుకట్ట డయోడ్లు లేని ఆల్టర్నేటర్‌లో 80 నుంచి 100 వోల్టుల దాకా పోవచ్చు. డయోడ్లు ఉన్నా 35 దగ్గరే ఆగుతుంది. 12 వోల్టుల బండి అది! కంప్యూటర్ లేని పాత అంబాసిడర్‌తో చెల్లిపోయింది కదా అని, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్న బండి మీద ప్రయోగమా? పోయిన ఈసీయూకి డబ్బులు ఈ మెసేజ్ పంపినవారు కడతారా?

ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొన్ని వందలకే వస్తుంది. రాత్రంతా ఆపిన బండి బ్యాటరీకి ఆనిస్తే 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. ఇంజిన్ ఆన్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.5 రావాలి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ చూపించండి.

"14 లేకపోతే ఆల్టర్నేటర్ మార్చేయండి" అన్న నాలుగో చిట్కా కూడా తొందరపాటే. చాలా కొత్త బండ్లలో మైలేజీ కోసం ఈసీయూయే చార్జింగ్ తగ్గిస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా అంకె దిగిపోతూనే ఉంటే అప్పుడు అనుమానించండి.

ఐదోది మాత్రం ఒప్పుకుంటాను, మంచి మాట. టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లపొడిని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడగమన్నారు. ఉప్పుగాలి ఊళ్ళో ఇది అందరూ చెయ్యాల్సిందే. బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే ఎర్త్ వైరు కూడా చూడండి, ముఖ్యంగా కార్తీకంలో వేళచ్చేరి నీళ్ళలో ఈదిన బండ్లకు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు, బ్లోయర్ వేసి మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజిన్ ఇనుముకు ఆనించండి. 0.2 వోల్టు దాటితే ఆ వైరు తుప్పు పట్టిందో, వదులైందో. కడిగేముందు ఇంజిన్ ఆపి, ముందు నెగటివ్ విప్పండి. బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న పెట్టండి.