గుడ్డుకు డీఏ లేదు

ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకసారి జూలైలో ఒకసారి, కరువు భత్యం (డీఏ) లెక్క మారుతుంది. ధరలు పెరిగితే జీతమూ ఎంతో కొంత పెరగాలి, అది న్యాయమే. మా నాన్న టీచరు. డీఏ బకాయిల కోసం ఎదురుచూసిన ఇల్లే మాది, దాని మీద నాకేం పేచీ లేదు. 2017 జూలైలో మూల వేతనంలో 5 శాతం ఉన్న కేంద్ర డీఏ 2025 జనవరి నాటికి 55 శాతమైంది. అదే 2017లో అంగన్‌వాడీ పిల్లలకు పెట్టే తిండికి కేంద్రం ఒక రేటు ఖరారు చేసింది: ఒక్కొక్కరికి రోజుకు 8 రూపాయలు. 2025 ఫిబ్రవరి బడ్జెట్ నాటికి కూడా అది ఎనిమిదే. డీఏ పెరిగిన లెక్కన పెంచుకుంటూ వచ్చి ఉంటే పన్నెండు రూపాయల దగ్గర ఉండేది. గుడ్డు ఒక్కటే ఆరేడు రూపాయలు పలుకుతున్న రోజుల్లో ఆ ఎనిమిదిలోనే గుడ్డు, పప్పు, నూనె, కూరగాయ అన్నీ రావాలి.

పోషకాహారం రేట్లను తగిన విధంగా పెంచుతామని ఆ బడ్జెట్ ప్రసంగంలోనే ఆర్థిక మంత్రి అన్నారు. ఎంత పెంచుతారో, ఎప్పటి నుంచో ప్రసంగంలో లేదు. సరే, సంతోషం. కానీ ఏళ్లు గడిచాక ఎవరికో గుర్తొచ్చి పెంచడం వేరు, ధరతో పాటు దానంతట అదే పెరగడం వేరు. 2017లో రెండేళ్ల వయసున్న పిల్ల అంగన్‌వాడీ దాటిపోయి ఎప్పుడో బడిలో పడింది. పెంచిన రేటు ఆ పిల్ల కంచంలోకి వెనక్కి వెళ్లదు. ఉద్యోగికైతే బకాయిలు కలిపి ఇస్తారు. పిల్లలకు తిండి బకాయి అనేది ఉండదు.

తెలంగాణ ప్రభుత్వాన్ని ఇక్కడ కొంత మెచ్చుకోవాలి. ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి 1 నుంచి నడుస్తోంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. కేంద్రం లెక్కలో గర్భిణికి రోజుకు 9.50 రూపాయలే, అందులోనూ సగం రాష్ట్రమే వేసుకోవాలి. ఆ డబ్బుకు ఈ భోజనం రాదు కాబట్టి మిగతాది రాష్ట్రం సొంతంగా పెట్టుకుంటోంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్, పదహారు గుడ్లు. ప్రభుత్వాలు మారినా ఇవి ఆగలేదు. పథకాల పేర్లు చెరిపి కొత్తవి రాసుకునే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి ఊరికి వెళ్లినప్పుడు దేవరకొండ అవతల ఒక తండాలో అంగన్‌వాడీకి వెళ్లాను. ఒకటే గది, అద్దెది. పిల్లలకు అందకుండా అటక మీద గుడ్ల ట్రేలు, మూలన బరువు చూసే మిషను, గోడకు అక్షరాల చార్టు. ఆయా పిల్లలను వరుసగా కూచోబెట్టి పళ్లాలు పెడుతోంది. టీచర్ మాత్రం లోపల లేదు, బయట ఎండలో ఉంది. బాలామృతం కోసం వచ్చిన ఒక తల్లి ముఖాన్ని కేంద్రం వారి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఫొటో తీస్తోంది. 2025 జూలై నుంచి ముఖం సరిపోలితేనే ఇంటికిచ్చే సరుకు ఇవ్వాలి. “నెట్ ఆడ్తలేదన్నా, లోపల అసలే రాదు. ఎండల నిలబెడితే జర గుర్తుపడ్తది” అంది. ఆ తల్లి చంకలో బిడ్డ ఎండకు ముఖం తిప్పుకుంటోంది. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. దొంగ లెక్కలు ఆపాలంటే ఇలాంటిదేదో కావాలని నాకూ తెలుసు. కానీ రేటు పెంచుతామని అనడానికే ఎనిమిదేళ్లు పట్టిన వ్యవస్థ, తనిఖీ విషయంలో మాత్రం ఎంత చురుగ్గా ఉందో చూడండి.

ఆ టీచర్‌కు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్రం టీచర్ వేతనాన్ని 4,500గా ఖరారు చేసింది 2018లో. అందులో తన వాటా అరవై శాతం, అంటే 2,700. మిగతాదంతా రాష్ట్రానిదే. పక్క తండా సెంటర్ టీచర్ రిటైరైంది, ఆ స్థానంలో ఎవరూ రాలేదు, దానికీ ఈమే ఇన్‌ఛార్జి. రాష్ట్రంలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 14,236 టీచర్, ఆయా పోస్టులు భర్తీ చేస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఒక్కో అంగన్‌వాడీకి ఇద్దరు చొప్పున లెక్కేస్తే అప్పటికి దాదాపు ప్రతి ఐదు పోస్టుల్లో ఒకటి ఖాళీ అన్నమాట.

ఇక్కడి నుంచి వెళ్లిన వాళ్లం కదా, అలవాటు ప్రకారం ఏం కావాలమ్మా అని అడిగాను. ఫ్రిజ్ అంటుందో, ఆట వస్తువులంటుందో అనుకున్నా. “పక్క సెంటర్‌కు టీచర్‌ను ఇప్పియ్యిండ్రి. గీ అద్దె నెలనెల పడేటట్టు చూడుండ్రి” అంది. ఈ రెండూ మన డాలర్లతో అయ్యే పనులు కావు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. మన సంఘాలు ఊరికి ఇచ్చేవన్నీ ఒక్కసారి ఇచ్చేవి. తరగతి గది, కంప్యూటర్లు, స్కూల్ బ్యాగులు, గేటు మీద దాతల పేర్లతో పాలరాయి. ఆ తర్వాత గ్రూప్ ఫొటో. (పిల్లలను ఎండలో గంటసేపు నిలబెట్టి తీసే ఆ ఫొటో మీద నాకు వేరే కోపం ఉంది, ఇంకోసారి రాస్తా.) పిల్లలకు కావాల్సినవేమో నెలనెలా కావాల్సినవి: గుడ్డు, టీచర్, అద్దె, సబ్బు, మందు. బోరు వేయించి కరెంటు బిల్లు సంగతి మరిచిపోయినట్టుంది మన దానం. నెలనెలా వచ్చే ఖర్చు భరించగలిగేది ప్రభుత్వం ఒక్కటే. అది సరిగ్గా భరిస్తోందా అని అడగడమే మనం చేయగలిగిన పెద్ద సాయమని నా అభిప్రాయం.

మన ఉమ్మడి నల్గొండలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1971లో సర్వేల్‌లో గురుకులం మొదలైంది, పి.వి.నరసింహారావు చొరవతో. ఊరి పెద్ద భూమి ఇచ్చాడు, అది దానం. కానీ ఆ బడి అన్నేళ్లు నిలబడింది ఏటేటా సర్కారు టీచర్ల జీతాలు, మెస్ ఖర్చు కట్టడం వల్ల. పల్లెటూరి పిల్లలు అక్కడి నుంచి పెద్ద పెద్ద ఉద్యోగాలకు వెళ్లారంటే అది దాత ఇచ్చిన స్థలం ఒక్కదాని మహిమ కాదు.

ఇవాళ్టి హాస్టళ్ల, గురుకులాల లెక్క చూడండి. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు మెస్ ఛార్జీ నెలకు 950 ఉండేది, 2024 నవంబరులో 1,330 చేశారు. నలభై శాతం పెంపు, మంచిదే. రోజుకు 44 రూపాయలు పడుతుంది, పొద్దుటి టిఫిన్ నుంచి రాత్రి అన్నం దాకా అన్నీ అందులోనే. ఆ 950 మాత్రం ఏడేళ్లు అలాగే ఉంది. అంతకంటే ఘోరం కాస్మెటిక్ ఛార్జీలు. ఆ వయసు ఆడపిల్లలకు సబ్బు, షాంపూ, కొబ్బరినూనె అన్నిటికీ కలిపి నెలకు 55 రూపాయలు, పదహారేళ్ల పాటు. ఇప్పుడు 175. మన పిల్లలకు నెలకు షాంపూకే ఎంతవుతుందో ఎవరికి వారు చూసుకోవచ్చు.

రేటు తక్కువైతే ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూల్‌లో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటివి జరిగినప్పుడు ముందుగా దొరికేది వంటమనిషే. ఆమె తప్పు ఉండొచ్చు కూడా. కానీ ప్రైమరీ పిల్లలకు పప్పు, కూర, నూనె, గ్యాస్ కలిపి పూటకు 6.78 రూపాయలు (2025 మే నుంచి ఇదీ కేంద్రం లెక్క), బిల్లు వచ్చేదాకా కిరాణా కొట్టులో ఉద్దెర. ఉద్దెరకు తెచ్చుకునే మనిషికి మంచి సరుకు ఏరుకునే హక్కు ఎక్కడుంటుంది? వంట చేసినందుకు కేంద్రం ఖరారు చేసిన వేతనం 2009లో నెలకు వెయ్యి. అందులో కేంద్రం ఇచ్చేది 600.

పాలమూరు వైపు సమస్య ఇంకో రకం. అక్కడ డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. దసరా, దీపావళి దాటాక పంట పనులు అయిపోయి కుటుంబాలు ముంబై, పుణె బస్సులెక్కుతాయి. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు ఇది తరాలుగా ఉన్నదే. పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఆ హాస్టల్ అక్టోబరు చివరికల్లా తెరవాలి. మంజూరు కాగితం సంక్రాంతికి వస్తే ఏం లాభం? పిల్ల అప్పటికే పుణెలో ఏదో బిల్డింగ్ కింద తమ్ముణ్ని ఎత్తుకుని కూచుంటుంది. గద్వాల, అయిజ, గట్టు వైపు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. వానాకాలంలో క్రాసింగ్ పని మొదలైతే పూలకు పుప్పొడి అద్దడానికి చిన్న చేతులు కావాలంటారు, బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. రాష్ట్రంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్న జిల్లా జోగులాంబ గద్వాల అంటే ఆశ్చర్యమేముంది. సీడ్ కంపెనీల తరఫున పని చేయించే ఆర్గనైజర్ ముందే అడ్వాన్స్ ఇస్తాడు. సర్కారు డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది. ఇంటి అవసరం ముందు వచ్చిన డబ్బు మాటే వింటుంది.

ప్రభుత్వం మారితే పథకం ఏమవుతుందో బంగారుతల్లి చెబుతుంది. ఆడపిల్ల పుట్టినప్పటి నుంచి డిగ్రీ దాకా దశలవారీగా డబ్బు ఇస్తామని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఏకంగా చట్టం చేశారు. ఆడశిశువులను అమ్ముకున్నారన్న వార్తలతో దేశమంతా పేరు మోగిన దేవరకొండ తండాలకు అలాంటిది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఏడాదికి రాష్ట్రం విడిపోయింది, తెలంగాణలో దాని ఊసే లేకుండా పోయింది. అప్పుడు పేరు రాయించుకున్న పాప ఇవాళ ఏడో తరగతి వయసులో ఉంటుంది. పెళ్లికి ఇచ్చే కళ్యాణలక్ష్మి మాత్రం 51,000 నుంచి 1,00,116కి పెరిగింది. ఆడపిల్ల పెళ్లికి పెరిగే డబ్బు చదువుకు ఎందుకు పెరగదో నాకు అర్థం కాదు.

డబ్బు చేతిలో పెడితే జనం సోమరులవుతారని మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వింటూనే ఉంటాం. మనం ఉన్న దేశంలోనే దానికి జవాబు కళ్ల ముందు జరిగింది. 2021లో అమెరికాలో చైల్డ్ టాక్స్ క్రెడిట్‌ను ఆరేళ్ల లోపు పిల్లలకు 3,600 డాలర్ల దాకా పెంచి, జూలై నుంచి డిసెంబరు వరకు నెలనెలా ఖాతాల్లో వేశారు. మనలో చాలామందికీ ఎంతో కొంత పడింది, ఎవరూ ఉద్యోగం మానలేదు. ఆ ఏడాది పిల్లల పేదరికం సెన్సస్ లెక్కల్లో 5.2 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ఆ పెంపు ఆపేశారు, 12.4 శాతానికి ఎగబాకింది. ఇంత తేటగా కనిపించినా దాన్ని కొనసాగించలేదు. కాబట్టి ఈ విషయంలో అమెరికాను చూసి నేర్చుకోమని ఊరి వాళ్లకు చెప్పే స్థితిలో మనమేం లేం.

అసలు మనం ఇక్కడికి ఎలా వచ్చాం? 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యాన ఇంజినీరింగ్ చదివిన వాళ్లు మన సంఘంలో ఎంతమందో లెక్కపెడితే తెలుస్తుంది. ఆ ఫీజు బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు కట్టాల్సిన డబ్బు రాకపోతే కాలేజీ పట్టుకునేది పిల్లల సర్టిఫికెట్లను. ఉద్యోగం వచ్చి చేరాల్సిన పిల్లవాడు కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగడం, అప్పు చేసి కట్టి విడిపించుకోవడం. ఆ టెన్షన్ మన వెనకాల వచ్చిన వాళ్లందరికీ తెలుసు.

రాజకీయాలు మనకెందుకు అని కమిటీలో కొందరు పెద్దలంటారు. మన లాంటి సంస్థలు ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదన్న నియమం ఉంది, నిజమే. ప్రశ్న అడగకూడదన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. ప్రతి వేసవిలో మన సభలకు ఎంపీలు, మంత్రులు వస్తారు. శాలువా కప్పుతాం, మెమెంటో ఇస్తాం, బిర్యానీ పెడతాం. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నాలుగు సీట్ల ఎంపీల్లో ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా, ఈసారి రెండే అడుగుదాం. ఉద్యోగుల డీఏలాగే పిల్లల తిండి రేటును కూడా ఏటా ధరల సూచీకి ముడిపెట్టమని పార్లమెంటులో మాట్లాడతారా? మీ నియోజకవర్గంలో ఖాళీగా ఉన్న అంగన్‌వాడీ పోస్టులెన్ని?

రెండో దానికి అంకె చెప్పలేకపోతే ఇబ్బంది పెట్టొద్దు, తర్వాత రాసి పంపమందాం. ఈ రెండు ప్రశ్నలతో ఎంపీలకు రాసే ఉత్తరం ముసాయిదా మన సంఘం కార్యదర్శి దగ్గర ఉంది. సంతకం చేసేవాళ్లు మీ మండలం పేరు కూడా రాయండి. ఏ ఎంపీకి ఏ కాపీ వెళ్లాలో దాన్ని బట్టే విడదీయాలి.