అభ్యర్థుల వరుస ఎవరి ఇష్టం?

ఎన్నికల నోటిఫికేషన్ వెలువడితే హైదరాబాద్‌లో ఫ్లెక్సీలకు, ఫోన్లకు తీరిక ఉండదు. ఎవరైనా దిద్దగలిగిన తెలుగు వికీపీడియా పేజీలకూ ఆ తాకిడి తప్పదు. ఈ పూట ఒకరు తమ నాయకుడిని ‘పేదల పెన్నిధి’గా మలిస్తే, మర్నాటికి ఇంకొకరు అదే పేజీలో అతని కేసుల చిట్టా అతికించగలరు. దీన్ని కాచుకునేది జీతం లేని కొద్దిమంది వాడుకరులు. వారి చేతిలో ముందే రాసి పెట్టుకున్న నియమం ఒకటి ఉండాలి.

అన్నిటికన్నా ముందు తేలవలసింది ఎన్నికల వ్యాసంలో అభ్యర్థుల వరుస. ఇద్దరు ముగ్గురు ‘ప్రధాన’ అభ్యర్థుల పేర్లు రాసి, మిగిలినవారిని ‘ఇతరులు’ అని ఒక్క గడిలో కుక్కడం మాకు సమ్మతం కాదు. ఎవరు ప్రధానమో పోలింగుకు ముందే తేల్చడానికి రాసేవారెవరు? ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ పేచీని ఎప్పుడో తీర్చింది. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీలవారు ముందు, నమోదై గుర్తింపు లేని పార్టీలవారు తర్వాత, స్వతంత్రులు చివర. ఏ వర్గానికావర్గంలో అక్షరక్రమం. ఓటింగ్ యంత్రం మీద కనిపించేది ఆ వరుసే. ఫలితం వచ్చేదాకా వ్యాసంలోనూ అదే ఉండాలి. ఆపైన ఓట్ల లెక్క ఎలాగూ ఉంది.

ఇతరులే అసలు కథ అయిన ఎన్నికలు మన దగ్గరే జరిగాయి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీటి గోడు ఢిల్లీకి వినిపించడానికి అదొక దారి. 2019లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు, అత్యధికులు రైతులు. ఆ పేర్లు తీసేస్తే వ్యాసంలో మిగిలేది ఓట్ల తేడా మాత్రమే. అయితే పట్టికలో పేరు వేరు, సొంత వ్యాసం వేరు. నామినేషన్ వేసినంత మాత్రాన ఎవరికీ జీవితచరిత్ర పేజీ అవసరం లేదు. అతని గురించి ఇతరులు విస్తారంగా రాసి ఉండాలి. వార్త ముసుగులో అచ్చయ్యే ప్రచారం ఆ లెక్కలోకి రాదు.

కేసుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు ఓటరు ముందుకు వచ్చాయి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పుకున్న మాట. కాబట్టి ‘అఫిడవిట్ ప్రకారం’ అనీ, ఏ ఏడాదిదో అనీ రాయాలి. కేసు నమోదు, అభియోగాల ఖరారు, శిక్ష మూడూ వేర్వేరు మెట్లు. తెలంగాణ ఉద్యమంలో రైలు రోకో కేసు పడిన వ్యక్తినీ, హత్యాయత్నం కేసున్న వ్యక్తినీ ‘కేసులు: 1’ అని ఒకే గాటన కట్టే పట్టిక ఓటరుకు ఏమీ చెప్పదు. సెక్షన్లు కూడా రాయాలి.

పార్టీల మనుషులను రానివ్వవద్దని మేము అనడం లేదు. తామెవరో వాడుకరి పేజీలో చెప్పుకుని, కోరిన మార్పును చర్చా పేజీలో పెట్టాలి. ప్రచారం ఆగే చివరి 48 గంటల్లో మాత్రం అభ్యర్థుల పేజీల్లో కొత్త ఖాతాలు దిద్దుబాట్లు చేయకుండా నిర్వాహకులు సంరక్షణ విధించాలి. ఈ సంగతిపై తెలుగు వికీపీడియా ఉమ్మడి చర్చా వేదిక అయిన రచ్చబండలో చర్చ నోటిఫికేషన్ రాకముందే ముగియడం మంచిది. ఆ తర్వాత ఏ నియమం పెట్టినా ఏదో ఒక పార్టీకి వ్యతిరేకంగానే కనిపిస్తుంది.