దొంగ పొట్ట కొట్టకండి

పలాస జీడి వ్యాపారి 80 కిలోల పిక్కల బస్తా కొనాలంటే గుప్పెడు పిక్కలు కోసి పప్పు చూడందే పైసా తీయడు. నరసన్నపేట బంగారం కొట్టు షట్టరుకు మూడు తాళాలు, పైన దిష్టి గుమ్మడికాయ. ఇంత కట్టుదిట్టమైన శ్రీకాకుళం జిల్లాలో దొంగ అన్నవాడు ఎలా బతకాలి? గత్యంతరం లేక ఫోన్లోకీ కంప్యూటర్లోకీ చేరాడు. అక్కడ మనవాళ్లు ఇన్నాళ్లూ అతన్ని కడుపులో పెట్టుకు చూసుకున్నారు. ఈమధ్యే కొందరు వ్యాపారులు బుద్ధి మారి అతని నోటి దగ్గర కూడు లాగేస్తున్నారు. వారి దుశ్చర్యలను ఖండించకపోతే మనం పౌరులమే కాదు.

అన్నిటికన్నా ఘోరం ఈమెయిల్ దగ్గర జరుగుతోంది. ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పించుకునే షావుకారి మెయిల్ పాస్‌వర్డు ఏమిటయ్యా అంటే కొడుకు పేరు, పక్కన 123. దొంగ లోపలికొచ్చి వెంటనే ఏమీ ముట్టుకోడు. మర్యాదస్థుడు. వచ్చిన ప్రతి ఉత్తరం నకలు తనకూ చేరేలా సెట్టింగుల్లో చిన్న ఫార్వర్డింగ్ రూల్ ఒకటి పెట్టుకుని, వారాల తరబడి ఉత్తరాలన్నీ చదువుతాడు. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎన్ని టన్నులు, ఎంత బాకీ, అన్నీ షావుకారి కన్నా అతనికే బాగా తెలుస్తాయి. సొమ్ము కట్టాల్సిన వారం చూసి, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇందులో వేయండి’ అని సరుకు అమ్మినవాడి పేరుతోనే రాస్తాడు. చిరునామాలో ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ అనే చిన్నక్షరాలు రెండూ అంటుకుని ఉంటాయి. చత్వారం కళ్లకు తేడా ఏం తెలుస్తుంది?

ఇంత చాకిరీ చేసిన మనిషికి కూలి దక్కకుండా చేస్తున్నారు. ఖాతా మారిందని మెయిల్ రాగానే, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి అడుగుతున్నారట! పెద్ద మొత్తం పంపాలంటే ఒకరు పెట్టాలి, ఇంకొకరు ఆమోదించాలి అని బ్యాంకుకు రాసిచ్చినవాళ్లూ ఉన్నారు. పాస్‌వర్డు మార్చి, దానితోపాటు కోడ్ కూడా అడిగే రెండంచెల తనిఖీ పెట్టుకుని అంతటితో ఊరుకోరు, ఆ ఫార్వర్డింగ్ రూల్‌ను కూడా వెతికి పీకేస్తారు. పాస్‌వర్డు మార్చి ఆ రూల్‌ను మరిచిపోయి ఉంటే దొంగకు ఉత్తరాలైనా అందుతుండేవి కదా, పాపం.

ఇక విజయనగరం. సిరిమానోత్సవం నాటి రద్దీ అంటే నకిలీ పేమెంట్ యాప్ వాడికి కోతల కాలం. పచ్చ టిక్కు చూపించి ‘పడిపోయాయి బాబూ’ అనేసి సరుకుతో జనంలో కలిసిపోయేవాడు. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గరి గుంటడు తెర వైపే చూడడు. ‘ఉండండి, డబ్బు పడినట్టు డబ్బా పలకలేదు’ అంటాడు. వాడే పొద్దున్న కొట్టు తీస్తూనే గోడ మీది క్యూఆర్‌ను తన ఫోన్‌తో స్కాన్ చేసి, ఓనరు పేరే వస్తోందా అని చూస్తాడు. రాత్రికి రాత్రి దానిమీద వేరే స్టిక్కరు అంటించినవాడి ఖర్చు ఎవరిస్తారు?

పెళ్లిళ్ల సీజనూ చెడింది. వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖ పేరు చివర ‘ఏపీకే’ అనే తోక కనిపిస్తే ఎవరూ నొక్కడం లేదు. నొక్కితే యాప్‌గా ఎక్కి, మెసేజీలు చదివే అనుమతి తీసుకుని, ఓటీపీలన్నీ దొంగకు మోసేది. మన మెసేజీలు చదువుతానని అడిగే శుభలేఖ ఎక్కడైనా ఉంటుందా అని వీళ్ల వితండవాదం. కొరియర్ వాడినంటూ స్టార్, 21, ఫలానా నంబరు కొట్టమన్నా కొట్టరు, కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్లిపోతాయట. కొట్టినవాళ్లు కూడా ##002# కొట్టి రద్దు చేసుకుంటున్నారు. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి బెదిరించే డిజిటల్ అరెస్టు శాఖ వారి గోడు వేరే. అలాంటిదేదీ చట్టంలో లేదని 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో ప్రధానే చెప్పేశాక వాళ్లు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని ఏం లాభం?

లెక్కల కంప్యూటరులోకి చొరబడి ఫైళ్లు తెరుచుకోకుండా తాళం వేసి డబ్బడిగేవాళ్లకు మాత్రం ఇంకా కొంత ఆశ ఉంది. బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్‌ను చాలామంది ఆ కంప్యూటరుకే గుచ్చి ఉంచుతున్నారు. తాళం పడితే రెండింటికీ ఒకేసారి పడుతుంది. దాన్ని పీకి ఇంటి బీరువాలో పెట్టేవాళ్లు తక్కువే, దేవుడి దయ.

ఒక్క విషయంలో వెటకారం సాగడం లేదు. ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపి అక్కడ ఇవే మోసాలు చేయిస్తున్న సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ‘ఏటి బాబూ, బాగున్నారా’ అని ఫోన్లో పలికే గొంతు పక్క ఊరిదే కావచ్చు.

చివరిగా దొంగల తరఫున ఒకే ఒక్క విన్నపం. సొమ్ము పోగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయకండి. ఖాతాల్లోంచి ఖాతాల్లోకి దూకుతున్న డబ్బును ఎక్కడిదక్కడ నిలిపేస్తారు. 12 అంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు, సమయం, మొత్తం గబగబా చెప్పేస్తే మరీ అన్యాయం. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే 3 పనిదినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం మీది కాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో రాసిన కాగితాన్నీ ఎవరికీ చూపించకండి. ముందు సిగ్గుపడండి. బావమరిదికి చెప్పండి, అతను ఆడిటరుకు చెబుతాడు. పైడితల్లికి మొక్కుకోండి. ఎలాగూ శనివారం కదా, సోమవారం తీరిగ్గా బ్యాంకుకు వెళ్లొచ్చు.