వేంపల్లె బండ మీద నీళ్లు పోస్తే

పోయిన క్రిస్మస్‌కు పులివెందులకు పోతూ మా అమ్మాయి సంచిలో ఒక కాగితం పెట్టుకొచ్చింది. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల సండే స్కూల్లో పంచింది. భూమి వయసు ఆరువేల ఏళ్లేనట, జీవపరిణామాన్ని నమ్మితే బైబిల్‌ను వదిలేసినట్టేనట. పదో తరగతి పిల్ల, బయాలజీ అంటే ప్రాణం. “ఏదో ఒకటే పట్టుకోవాలా నాన్నా?” అని విమానంలోనే అడిగింది. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

మా నాయన ముప్పై ఏళ్లు పల్లెల్లో ఉపదేశిగా, అంటే పాస్టరు కింద వాక్యం చెప్పేవాడిగా, చేసినాడు. కాగితం చదివి ఏమీ అనలేదు. మర్నాడు మమ్మల్ని వేంపల్లె దగ్గర గుట్టకు తీసుకుపోయినాడు. బూడిదరంగు బండ మీద సీసాలోని నీళ్లు పోసి అరచేత్తో రుద్దినాడు. అంతవరకూ ఉత్త రాయి. తడవగానే, కాబేజీని అడ్డంగా కోస్తే కనిపించే మడతల్లా, సన్నటి వంపులు ఒకదాని మీదొకటి తేలినాయి. స్ట్రోమటోలైట్లు! లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోయిన దిబ్బలు. వీటికి పైనున్న పొరల్లోకి చొరబడి గడ్డకట్టిన అగ్నిశిల పులివెందుల దగ్గరే ఉంది. దాంట్లోని స్ఫటికాల్లో యురేనియం ఎంత సీసంగా (లెడ్) మారిందో కొలిస్తే 188 కోట్ల ఏళ్లు అని తేలింది. కింది పొర అంతకన్నా పాతదే కావాలి కదా.

ఆరువేల లెక్క మా పల్లె గుళ్లో నేనెప్పుడూ వినలేదు. 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ అషర్ సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కగట్టినాడు. సృష్టి కథ చెప్పే బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో ఆ అంకె లేదు. ఆరు దినాలున్నాయి, నిజమే. కానీ సూర్యుడు నాలుగో దినానగ్గాని రాడు, మొదటి మూడింటిని ఏ గడియారంతో కొలుద్దాం? అవి ఎట్లాంటి దినాలో ఊహించడమే కష్టమని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 1600 ఏళ్ల కిందటే రాసినాడు. మనం బతుకుతున్న ఈ అమెరికాలో డార్విన్‌ను గట్టిగా వెనకేసుకొచ్చిన ఏసా గ్రే హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త, ప్రెస్బిటేరియన్ శాఖకు చెందిన క్రైస్తవ విశ్వాసి కూడా. ఇవేవీ చెప్పకుండా పదిహేనేళ్ల పిల్లను ఏదో ఒకటి తేల్చుకోమనడం, నా దృష్టిలో, దగా.

అసలు ముల్లు వేరేచోట ఉంది. బతికున్న గొంగళిపురుగును లోపల్నుంచి తినే పురుగులను దయగల దేవుడు కావాలని చేసి ఉంటాడని నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో ఆ గ్రేకే ఉత్తరం రాసినాడు. అప్పటికి తొమ్మిదేళ్ల ముందు ఆయన పదేళ్ల కూతురు ఆనీ పోయింది. ఈ ఉత్తరానికి ఏ రాయీ జవాబివ్వదు, నాకూ తోచలేదు. బైబిల్లో యోబు ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుంటాడు. మన గుళ్లలో ఆ యోబు గ్రంథం 42 అధ్యాయాల్లో మొదటి రెండూ చివరిదీ చెప్పి, నడుమ ఆయన దేవుడితో కొట్లాడేదంతా దాటేస్తాం. ఆ నడిమి భాగమే పిల్లలకు కావాలి. నెలకొక ఆదివారం దాన్ని చదివించి, వాళ్లు ఏమడిగినా అడగనిస్తే చాలు.

నేను పుట్టకముందు మా అక్క నాలుగేళ్లకే మలేరియాతో పోయింది. ఇంట్లో దాని మాట ఎత్తేవాళ్లు కాదు. ఆ బండ మీద కూర్చొని మలేరియా క్రిమి కూడా పరిణామంలో వచ్చిందేనని మా అమ్మాయి వివరిస్తుంటే, నాయన చాలాసేపు విని అన్నాడు: “ఆ దోమలో ఉండేదాన్ని గూడా ఆయనే చేసినాడా అని యాభై ఏండ్లుగా అడుగుతాండా పాపా. భూమి వయసు ఎవురిగ్గావాల?”

“ఎప్పుడన్నా ప్రసంగంలో చెప్పినావా తాతా?”

“చెప్తే పాస్టరయ్య ఊరుకుంటాడా?” అని సీసా మూత బిగించినాడు.