మార్కుల కోసం సంతకమా?

మరణశిక్ష, గర్భస్రావం, కారుణ్య మరణం, స్వలింగ వివాహం... సమాజం నిట్టనిలువునా చీలి ఉన్న అంశాలివి. వీటిలో ఒకదాన్ని తీసుకుని, ఒక పక్షం వహించి, చట్టసభ సభ్యులకు లేఖ రాసి, దాని కింద గ్రూపులో అందరూ సంతకాలు పెట్టాలట. లేదంటే ప్రచార వీడియో తీసి జనంలోకి వదలాలట. గ్రూపు ప్రాజెక్టు పేరిట విద్యాసంస్థలు అప్పగిస్తున్న పని ఇది. సంతకం పెడితేనే మార్కులు. దీన్ని చదువు అనడానికి మాకు మనసొప్పడం లేదు.

నోరు విప్పే పౌరులు తరగతి గదిలోనే తయారవ్వాలన్నది దీన్ని సమర్థించేవారి మాట. తయారవ్వాల్సిందే. కానీ వాదించడం నేర్పడం వేరు, ఆ వాదనకు పేరు రాసిమ్మనడం వేరు. డిబేట్లో తనకు నచ్చని పక్షాన మాట్లాడిన విద్యార్థి గంట కొట్టాక తన అభిప్రాయంతోనే ఇంటికి వెళ్తాడు. చట్టసభకు చేరిన లేఖలోని పేరు, ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలోని ముఖం అలా వెనక్కి రావు. ఏళ్ల తర్వాత ఉద్యోగం ఇవ్వబోయేవారు వెతికినా కనిపిస్తాయి. అది మార్కుల కోసం పెట్టిన సంతకమని అక్కడ ఎవరూ రాసి ఉంచరు.

బలవంతం ఎలా జరుగుతుందో అధ్యాపకులకు తెలియనిది కాదు. గ్రూపులో ఐదుగురుంటే అందరికీ ఒకటే మార్కు. మూల్యాంకన పట్టికలో ప్రజల్లోకి తీసుకెళ్లినందుకు విడిగా ఒక గడి. చివర్లో ఒకరికొకరు మార్కులు వేసుకోవడం. నలుగురు ఒక మాట మీదుంటే ఐదో విద్యార్థి అభ్యంతరం ఆ నలుగురి మార్కులకూ ఎసరు పెడుతుంది. అందుకే ‘స్లైడ్లు నేను చేస్తాలే’ అని పక్కకు తప్పుకుంటాడు. మొదటి స్లైడు మీద మాత్రం అతని పేరూ ఉంటుంది! అభ్యంతరం ఉన్నట్టు కాగితం మీద ఎక్కడా కనపడదు కాబట్టి అందరూ ఇష్టపడే చేశారని సంస్థ చెప్పుకుంటుంది.

జెండాకు వందనం చేయాలని విద్యార్థులను బలవంతపెట్టరాదని 1943లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడి, పాడకుండా మౌనంగా ఉన్న ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం చెల్లదని 1986లో భారత సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ చిహ్నాల విషయంలోనే చెల్లని బలవంతం, దేశమంతా తగవులాడుకుంటున్న అంశంపై ఎలా చెల్లుతుంది? సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే బోధించాలని, విద్యార్థిని ఒక అభిప్రాయం వైపు నెట్టరాదని జర్మనీ విద్యావేత్తలు 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో జరిపిన సమావేశంలో రూపుదిద్దుకున్న సూత్రాలు అక్కడి పౌర విద్యకు నేటికీ ఆధారం.

ఈ లేఖల్లో కొన్నింటితో మేమూ ఏకీభవిస్తాం. మా భయమల్లా ఇది వేసే దారి గురించే. ఇవాళ మనకు నచ్చిన పక్షానికి మార్కులతో సంతకాలు సేకరించవచ్చని ఒప్పుకుంటే, రేపు వచ్చే అధ్యాపకుడు, ఎల్లుండి వచ్చే యాజమాన్యం, ఆపై వచ్చే ప్రభుత్వం అదే దారిన ఎదుటి పక్షానికి సేకరిస్తాయి. అప్పుడు అడ్డుకోవడానికి మన దగ్గర ఏ వాదన మిగులుతుంది?

చేయాల్సింది కష్టమేమీ కాదు. గ్రూపులు కట్టకముందే అంశాల జాబితా ఇవ్వాలి. వద్దనుకున్నవారు కారణం చెప్పనక్కర్లేకుండా నేరుగా అధ్యాపకుడికే తెలియజేసే వీలుండాలి. ప్రత్యామ్నాయంగా ఇచ్చే పనికి అంతే సమయం, అన్నే మార్కులు ఉండాలి. ఒంటరిగా రెట్టింపు నిడివి వ్యాసం రాయమనడం శిక్షే. లేఖ అధ్యాపకుడి బల్ల దగ్గరే ఆగాలి. ఆధారాల నాణ్యతకు, ఎదుటి పక్షం బలమైన వాదనకు ఇచ్చిన జవాబుకు మార్కులు వేయాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి, అయితే అది విద్యార్థి సమ్మతికి బదులు కాదు.

అందరూ ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టారంటున్న అధ్యాపకులు మార్కులు ప్రకటించిన మర్నాడు అదే లేఖను మళ్లీ సంతకాల కోసం తరగతిలో తిప్పి చూడాలి. అందుకు జంకేవారు ఇప్పటికే పంపిన లేఖలను వెనక్కి తీసుకోవాలి, ఆ విద్యార్థులకు క్షమాపణ చెప్పాలి.